ఆచార్య సూరి భగవంతం: అమరికను చదివిన మనిషి

– ఎం.ఎస్సీ. (ఫిజిక్స్), మన హాస్టల్ పూర్వ విద్యార్థి

ప్రతి ఏడాది మన వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్ గారి జీవితం ఉంటుంది, ఫూలే గారి జీవితం ఉంటుంది, కొమరం భీం ఉంటాడు. ఉండాల్సిందే. ఈసారి సైన్సు వాళ్ళ నుంచి కూడా ఒక జీవిత చరిత్ర కావాలని వార్డెన్ సారు కబురు పెట్టారు. సి.వి.రామన్ గురించి, కలాం గారి గురించి అందరూ రాస్తారు. నాకు గుర్తుకొచ్చింది ఇంకొకాయన. ఆయన పేరు మన పదో తరగతి పుస్తకాల్లో నేను చూడలేదు. ఎం.ఎస్సీ.లో గ్రూప్ థియరీ దగ్గర నా బండి ఆగిపోయినప్పుడు లైబ్రరీలో అట్ట ఊడిన ఒక పాత పుస్తకం దొరికింది. అది ఇంగ్లిషు పుస్తకమే. కానీ లోపలి పేజీలో రాసినవాళ్ళ పేర్లు రెండూ మనవి: భగవంతం, వెంకటరాయుడు. అచ్చు వేసింది ఆంధ్ర విశ్వవిద్యాలయం, వాల్తేరు, 1948. జర్మన్ పేర్లు, రష్యన్ పేర్లు తప్ప ఇంకేవీ కనబడని ఆ బీరువాలో ఆ రెండు పేర్లు చూసి కాసేపు అలాగే నిలబడ్డాను. ఆ మొదటి పేరు గల ఆయన జీవితమే ఇది.

సూరి భగవంతం గారు 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. గుడివాడలో బడి చదువు అయ్యాక హైదరాబాదు నిజాం కళాశాలకు వెళ్ళారు. ఇక్కడ ఒక్క మాట. ఆ రోజుల్లో కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, హైదరాబాదు నిజాం రాజ్యంలో ఉండేది. అంటే చదువు కోసం ఆయన సరిహద్దు దాటారు. బెజవాడ నుంచి హైదరాబాదుకు రైలు మన ఖమ్మం మీదుగానే పోతుంది, అప్పుడూ అంతే. మన భద్రాచలం మాత్రం అప్పట్లో నిజాం రాజ్యంలో లేదు, గోదావరికి అవతల మద్రాసు వైపు ఉండేది. 1959లో గానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు. ఒకే జిల్లా వాళ్ళమని మనం అనుకునే ఊళ్ళ మధ్య కూడా అప్పుడు రాజ్యాల గీత ఉంది.

1928లో ఆయన బి.ఎస్సీ. పూర్తయింది. ఆ ఏడాది ఫిబ్రవరి 28నే కలకత్తాలో రామన్ గారు తన పేరు మీద ప్రసిద్ధమైన ఫలితాన్ని కనుగొన్నారు. రామన్ గారు తమిళులైనా చిన్నతనం విశాఖపట్నంలోనే గడిచింది, తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. భగవంతం గారు ఇంకేమీ చూసుకోకుండా కలకత్తా వెళ్ళి బౌబజారు వీధిలోని రామన్ గారి ప్రయోగశాలలో చేరారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్ళు. మన దగ్గర డిగ్రీ సెకండియర్ పిల్లల వయసు.

ఆ ప్రయోగశాలలో ఆయన చేతికి వచ్చిన వస్తువుల్లో ఒకటి వజ్రం. ఒకే రంగు కాంతిని ఏ పదార్థం మీదనైనా పడనిస్తే, చెదిరి బయటికి వచ్చే కాంతిలో ఎక్కువ భాగం అదే రంగులో ఉంటుంది. చాలా కొద్ది భాగం మాత్రం రంగు మారి వస్తుంది. లోపలి పరమాణువులు ఊగుతూ ఉంటాయి కదా, ఆ ఊపు కాంతి నుంచి కొంత శక్తిని తీసుకుంటుంది, లేదా ఇస్తుంది. అదే రామన్ ఫలితం. వజ్రం మీద ఈ ప్రయోగం చేస్తే వర్ణపటంలో ఒక్కటే గట్టి గీత వస్తుంది, సెంటీమీటరుకు 1332 తరంగాల దగ్గర. 1930 ప్రాంతంలో ఆ గీత మీద పనిచేసినవారిలో భగవంతం గారు ఒకరు.

ఒక్కటే గీత ఎందుకు రావాలి? రెండు ఎందుకు రాకూడదు? ఈ ప్రశ్నను తమ్ముళ్ళు చెల్లెళ్ళు ఒక్క నిమిషం గుర్తు పెట్టుకోవాలి.

వజ్రం అంటే కార్బనే. ఇల్లెందు, కొత్తగూడెం గనుల్లో మన నాన్నలు తవ్విన బొగ్గులో ఉండేదీ ప్రధానంగా కార్బనే. మనం రాసే పెన్సిల్ ముక్కులో ఉండే గ్రాఫైట్ కూడా కార్బనే. భద్రాచలం తూర్పున కొండల్లో ఖొండలైట్ అనే రాయి ఉంటుంది (కోందు గిరిజనుల పేరు మీదనే దానికి ఆ పేరు పెట్టారు), ఆ రాయిలో గ్రాఫైట్ నల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. వజ్రాలకు కూడా మనం దూరం పోనక్కరలేదు. గోల్కొండ వజ్రాలని ప్రపంచమంతా పిలిచినవి కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల దొరికినవే. భగవంతం గారు పుట్టిన జిల్లాలోని పరిటాల కూడా పాత వజ్రపు గనుల ఊరే.

పదార్థం ఒకటే అయినా గుణాలు వేరు. వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువూ నాలుగు పొరుగు పరమాణువులతో గట్టిగా చేతులు కలుపుకుంటుంది. ఎలక్ట్రాన్‌కు కదిలే వీలు లేదు. అందుకే వజ్రం విద్యుత్ బంధకం. గ్రాఫైట్‌లో ముగ్గురితోనే చేతులు కలుపుతుంది, తేనెపట్టు గదుల్లాగా పలకలు పలకలుగా ఉంటుంది, నాలుగో ఎలక్ట్రాన్ ఆ పలక మీద తిరుగుతుంది. అందుకే గ్రాఫైట్ వాహకం. తేడా అంతా అమరికలో ఉంది. అమరికను బట్టి గుణం ఎలా వస్తుందో ముందే లెక్క కట్టి చెప్పడం, భగవంతం గారు తన జీవితంలో సగం ఆ పని మీదే పెట్టారు.

1932లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్చరర్‌గా చేరారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అప్పుడు వైస్ ఛాన్సలర్. విశ్వవిద్యాలయం పెట్టి ఆరేళ్ళే, వాల్తేరుకు వచ్చి రెండేళ్ళే. అక్కడి సైన్సు కళాశాలకు జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ పేరు పెట్టారు. ఎందుకంటే ఆయన విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. ఆ కాలంలో అది చాలా పెద్ద సొమ్ము. మహారాజా గారి దానగుణం గురించి చాలామంది రాశారు, అది నిజమే. కానీ నేను మ్యాపు తీసి చూశాను. జయపూర్ జమీందారీ అంటే కోరాపుట్, మల్కన్‌గిరి అడవులు. 2014 దాకా మన జిల్లాలో ఉన్న కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరి నది పుట్టేది ఆ కోరాపుట్ కొండల్లోనే. ఆ జమీందారీ ఖజానాకు వచ్చిన శిస్తు, అడవి ఆదాయం ఎవరి కష్టం మీద వచ్చాయో వేరే చెప్పాలా? ఆ కొండల్లో పోడు చేసుకుని బతికిన కోయ, కోందు, పరజ జనం మీదే కదా. వాల్తేరులో స్ఫటికాల మీద కాంతి పడటానికి వాళ్ళ వాటా కూడా ఉంది. ఆ సైన్సు కళాశాల చరిత్ర రాసేవాళ్ళు ఈ లైను ఒకటి రాస్తే బాగుండేది.

వాల్తేరులో పరికరాలు కలకత్తా అంత లేవు. ముప్ఫై ఏళ్ళు నిండకముందే ఆయన ప్రొఫెసర్ అయ్యారు, చుట్టూ విద్యార్థులు చేరారు. వారిలో టి. వెంకటరాయుడు గారు గణితంలో దిట్ట. ఇద్దరూ కలిసి 1939లో ఒక వ్యాసం అచ్చు వేశారు. ఒక స్ఫటికం అమరిక తెలిస్తే, దాని రామన్ వర్ణపటంలో ఎన్ని గీతలు రావాలో ప్రయోగం చేయకముందే లెక్క కట్టే పద్ధతి అది. దానికి వాడిన గణితం పేరు సమూహ సిద్ధాంతం, మనం కాలేజీలో గ్రూప్ థియరీ అని భయపడేది.

ఇప్పుడు ఆ ఒక్క గీత ప్రశ్నకు వద్దాం. సంక్రాంతికి మన ఆడపిల్లలు వేసే ఆరు రేకుల ముగ్గు తలుచుకోండి. దాన్ని 60 డిగ్రీలు తిప్పితే తిప్పినట్టు కూడా తెలియదు. దీన్ని సౌష్ఠవం అంటారు. స్ఫటికం కూడా అంతే. తిప్పినా మారని స్ఫటికానికి తిప్పితే మారిపోయే గుణం ఉండకూడదు. ఈ ఒక్క నియమం చాలా వాటిని కొట్టేస్తుంది. ఉదాహరణకు ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికం ఎంత సాగుతుందో చెప్పడానికి 21 సంఖ్యలు కావాలి. వజ్రం లాంటి ఘనాకార సౌష్ఠవం ఉన్నదానికి 3 చాలు. గీతల సంగతీ ఇంతే. వజ్రంలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గుంపులో రెండు పరమాణువులు. ఒక్కోటి మూడు దిక్కుల్లో కదలగలదు కాబట్టి మొత్తం 6 కదలికలు. వాటిలో 3 రెండు పరమాణువులూ కలిసికట్టుగా ఒకే వైపు జరగడం, అది ఊపు కాదు. మిగిలిన 3 ఊపులు మూడు దిక్కుల్లోవి, సౌష్ఠవం వల్ల మూడూ ఒకటే. అందుకే ఒకటే గీత. చూశారా, కాగితం, పెన్సిల్ తప్ప ఏమీ వాడలేదు. ఆ పెన్సిల్లో గ్రాఫైట్ ఉండటం వేరే సంగతి!

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. జనం ఊరు ఖాళీ చేశారు. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. సరిగ్గా ఆ ఏడాదే భగవంతం గారు చేసిన ఒక పని నాకు మిగతా అన్నిటికంటే ఎక్కువ నచ్చుతుంది. స్ఫటికాన్ని నొక్కితే దానిలో కాంతి నడిచే తీరు మారుతుంది. ఏ రకం స్ఫటికానికి ఇందుకు ఎన్ని స్థిరాంకాలు కావాలో జర్మనీకి చెందిన పోకెల్స్ అనే శాస్త్రవేత్త పట్టిక వేసి పెట్టారు. దశాబ్దాలుగా అందరూ ఆ పట్టికనే ఎత్తి రాసుకుంటున్నారు. భగవంతం గారు అదే లెక్కను సమూహ సిద్ధాంతంతో మళ్ళీ మొదటి నుంచి చేశారు. కొన్ని వర్గాల స్ఫటికాల దగ్గర తన సంఖ్య, పట్టికలో సంఖ్య కలవలేదు. మనమైతే ఏమనుకుంటాం? పుస్తకంలో ఉన్నది తప్పవుతుందా, మనమే ఎక్కడో తప్పాం అనుకుని చెరిపేస్తాం. నేను చాలాసార్లు అలాగే చెరిపేశాను. ఆయన చెరపలేదు. తప్పింది పట్టికే అని చూపించి అచ్చు వేశారు. తర్వాతి పుస్తకాల్లో పట్టిక మారింది.

1948లో వచ్చింది నాకు లైబ్రరీలో దొరికిన పుస్తకం. 1959లో రష్యన్ భాషలోకి కూడా వెళ్ళింది. అంతకుముందు 1940లో కాంతి చెదరడం గురించి, రామన్ ఫలితం గురించి ఆయన రాసిన పుస్తకాన్ని కూడా విశ్వవిద్యాలయమే వేసింది. 1966లో స్ఫటిక సౌష్ఠవం, భౌతిక గుణాల మీద ఇంకొకటి రాశారు.

1948లో కొద్దికాలం లండన్‌లో భారత హైకమిషన్‌లో శాస్త్ర విషయాల అధికారిగా ఉండి, 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1952 నుంచి 1957 దాకా అక్కడ వైస్ ఛాన్సలర్. 1952 అంటే ముల్కీ ఉద్యమం జరిగిన ఏడాది. అది మొదలైంది వరంగల్‌లో, అప్పటికి మన ఖమ్మం కూడా వరంగల్ జిల్లాలోనే ఉంది. స్థానికులకే ఉద్యోగాలు దక్కాలని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, హైదరాబాదులో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అలాంటి ఏడాది ఆ కుర్చీలో కూర్చున్నది కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఆయన మీద రాసే వ్యాసాల్లో ఈ రెండు సంగతులూ పక్కపక్కన కనిపించవు. ఆయన ప్రతిభకు ఇది తక్కువ కాదు. అప్పుడు రోడ్డెక్కిన పిల్లల ప్రశ్న కూడా తప్పు కాదు. ఖమ్మం వాళ్ళం కాబట్టి ఇది దాటేసి పోలేను.

ఆ తర్వాత పదవుల జాబితా పెద్దది, త్వరగా చెప్పేస్తాను. 1957 నుంచి 1962 దాకా బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టర్. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది సతీష్ ధావన్ గారు. 1961 నుంచి 1969 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు, డి.ఆర్.డి.ఓ. అధిపతి. చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధం రెండూ ఆ కాలంలోనే. హైదరాబాదుకు రక్షణ ప్రయోగశాలలు రావడం మొదలైంది కూడా అప్పుడే. ఇవన్నీ గొప్ప పదవులే. కానీ నా అభిప్రాయం చెప్పమంటే, వాల్తేరులో ఉన్న పదహారేళ్ళే ఆయన అసలు జీవితం.

ఒక విషయం దాచకూడదు. ఆయన పుట్టపర్తి సత్యసాయి బాబా గారి భక్తులు. బాబా గారి తెలుగు ప్రసంగాలను వేదిక మీద నిలబడి ఇంగ్లిషులోకి చెప్పేవారు. గాలిలోంచి వస్తువులు తీయడం లాంటి వాటిని ఒక శాస్త్రవేత్త ఎలా నమ్ముతారని 1970లలో హేతువాదులు ఆయన్ను గట్టిగా ప్రశ్నించారు. మన హాస్టల్లో జన విజ్ఞాన వేదిక వాళ్ళు వచ్చి బాబాల మాయలు విప్పి చూపించినప్పుడు చప్పట్లు కొట్టినవాణ్ణి నేను. అచ్చయిన పట్టికను నమ్మకుండా మళ్ళీ లెక్క చేసిన మనిషి అక్కడ ఎందుకు లెక్క చేయలేదో నాకు అర్థం కాదు. ఆయన పుస్తకం మీద నా గౌరవం మాత్రం తగ్గలేదు.

1989 ఫిబ్రవరి 6న భగవంతం గారు కన్నుమూశారు.

ఆయన పోయిన పదిహేనేళ్ళకు, 2004లో, మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలొవ్ అనే ఇద్దరు గ్రాఫైట్ ముక్క మీద అంటుకునే టేపు వేసి పీకి పీకి ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న పలకను విడదీశారు. దాని పేరు గ్రాఫీన్. 2010లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. చేతిలో ఉన్నది ఒక్క పలకా, రెండు పలకలా అని ఎలా తెలుస్తుంది? 2006 నుంచి రామన్ వర్ణపటం తీసి చెబుతున్నారు. వజ్రానికి 1332 దగ్గర వచ్చినట్టే గ్రాఫీన్‌కు 1580 దగ్గర ఒక గీత వస్తుంది. మన లెక్కే వేయండి: గుంపులో రెండు పరమాణువులు, 6 కదలికలు, 3 పోతే 3. వాటిలో పలకలోనే ఊగే రెండూ సౌష్ఠవం వల్ల ఒకటే. పలకకు పైకీ కిందికీ ఊగేది రామన్ వర్ణపటంలో కనబడదు, అదీ సౌష్ఠవం చెప్పేదే. మిగిలింది ఒక గీత. ఇక 2700 దగ్గర ఇంకో శిఖరం ఉంటుంది. ఒక్క పలకైతే అది ఒంటరిగా, సన్నగా ఉంటుంది, రెండు పలకలైతే చీలి వెడల్పవుతుంది.

అసలు వింత 2018లో బయటపడింది. అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్ళు గ్రాఫీన్ పలక మీద ఇంకో గ్రాఫీన్ పలక పెట్టి, పైదాన్ని సుమారు 1.1 డిగ్రీలు మాత్రమే తిప్పారు. హాస్టల్లో రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి, ఒకదాన్ని కొంచెం పక్కకు తిప్పి దీపానికి పట్టుకోండి. చిన్న చిన్న కన్నాల మీద పెద్ద పెద్ద మచ్చల వరస కనిపిస్తుంది. తిప్పిన గ్రాఫీన్‌లో కూడా అలాంటి పెద్ద వరసే ఏర్పడుతుంది. ఇందాక మనం లెక్క వేసిన గుంపులో రెండే పరమాణువులు, ఈ పెద్ద వరసలో ఒక్కో గదిలో 11 వేలకు పైగా. ఆ కోణం దగ్గర ఎలక్ట్రాన్లు బాగా నెమ్మదిస్తాయి, ఒకదాన్ని ఒకటి తప్పించుకుని పోలేవు. బయటి నుంచి వోల్టేజి పెట్టి ఎలక్ట్రాన్ల సంఖ్యను పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఒక్కో పెద్ద గదికి రెండు ఎలక్ట్రాన్లు ఎక్కువైనా, రెండు తక్కువైనా వాహకం కావలసింది బంధకం అయిపోయింది. అక్కడి నుంచి సంఖ్యను కొద్దిగా జరిపితే, 1.7 కెల్విన్ దగ్గర, అంటే సుమారు మైనస్ 271 డిగ్రీల చలిలో, నిరోధం పూర్తిగా పోయి అతివాహకం అయింది. కొత్త పదార్థమేదీ కలపలేదు. అదే కార్బన్‌ను కొంచెం తిప్పారు, అంతే. అతివాహకత అక్కడ ఎందుకు వస్తుందనేది ఇంకా తేలలేదు. లెక్క కట్టేవాళ్ళు మాత్రం ముందుగా అడిగే ప్రశ్న ఆ పాత పుస్తకంలోదే: తిప్పాక ఏ సౌష్ఠవం మిగిలింది, ఏది పోయింది?

భగవంతం గారు డైరెక్టర్‌గా ఉన్న బెంగుళూరు సంస్థలో కూడా తిప్పిన గ్రాఫీన్ మీద ప్రయోగాలు జరిగాయి. పోయిన వేసవి సెలవుల్లో మా మేనమామ వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు వాగు ఒడ్డున నల్లచారల రాయి ఒకటి ఏరుకొచ్చాను. కాగితం మీద గీస్తే గీత పడింది. హాస్టల్ సైన్సు బీరువాలో పెట్టమని వార్డెన్ సారుకు ఇచ్చాను. తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు టేపు వేసి చూడవచ్చు.